రౌజ్ అను ఇంగ్లీషు క్రియ: ఎవరిని? దేనినుండి? దేనికి?

ఇంగ్లీషు భాషయందు మేల్కొనుటను, మేల్కొల్పుటను, కదలించుటను దెలుపు క్రియలు పెక్కులు గలవు. వేక్, అవేక్, వేకెన్, అవేకెన్, రౌజ్, అరౌజ్, స్టర్ అనునవి వానిలో ముఖ్యమైనవి. విద్యార్థులలో పలువురు వీని కన్నిటికిని "లేపు" అను ఒక్క యర్థమునే కంఠస్థము చేసి తృప్తి నొందుదురు. ఆ యర్థము తప్పు కాదు, కాని చాలదు. "హి రౌజ్డ్ ది పీపుల్" అను వాక్యమును "అతడు ప్రజలను నిద్ర లేపెను" అని తెనిగించినచో, ఆ మహాశయుడు తెల్లవారుజామున ఇంటింటికిని బోయి తలుపులు తట్టెనని చదువరి తలంచును. కావున ఈ వ్యాసమున రౌజ్ అను క్రియను ముఖ్యముగా దీసికొని, దాని పుట్టుకను, ప్రయోగమును, తక్కిన క్రియలతో దానికి గల భేదమును విచారింతము.

మొదట వేక్ అను క్రియను జూతము. వేక్ అనగా నిద్ర తీరుట, లేక నిద్ర మాన్పుట. ప్రాచీన ఇంగ్లీషులో దీనికి మూలమైన క్రియలు రెండుండెను. వాకన్ అనగా మేల్కొనుట. వాకియన్ అనగా నిద్రపోక మేల్కొనియుండుట. కాలక్రమమున ఆ రెండును గలిసి యొక్క క్రియయైనవి. మేల్కొనియుండుట యను భావము వాచ్ అను మాటలో నేటికిని నిలిచియున్నది. రాత్రి మేల్కొని కావలి కాయుట వాచ్. కావలివారు వంతుల చొప్పున కాయు ఒక్కొక్క జామును వాచ్. పిమ్మట కాలమును జూపు చిన్న గడియారమునకును ఆ పేరే వచ్చినది. మన సంఘములలో డిసెంబరు 31వ తేది రాత్రి జరుగు వాచ్‌నైట్ ఆరాధన 18వ శతాబ్దమున మొరేవియను సంఘమువారును, మెథడిస్టులును వ్యాప్తికి దెచ్చినది. ఆ పేరునకు గడియారము చూచుకొను రాత్రి యని యర్థము గాదు. మేల్కొనియుండు రాత్రి యని యర్థము. ఐర్లండు దేశమున మృతుని శరీరమునొద్ద బంధుమిత్రులు రాత్రి మేల్కొని కూర్చుండుటకు వేక్ అనియే పేరు. శివరాత్రినాడు హిందువులు చేయు జాగరణమును తలంచుకొన్నచో ఈ భావము మనకు సులభముగా బోధపడును.

ఈ క్రియల రూపములలో విద్యార్థులు తఱచుగా తడబడుదురు. వేక్, వోక్, వోకెన్ అనునవి మొదటిదాని మూడు రూపములు. అవేక్, అవోక్, అవోకెన్ అనునవి రెండవదానివి. వేకెన్, అవేకెన్ అనునవి క్రమక్రియలు. వానికి భూతకాలమున వేకెన్డ్, అవేకెన్డ్ అను రూపములు గలుగును. వేక్ ప్రక్కన అప్ అను మాట చేర్చుట వాడుక. అవేక్, అవేకెన్ అనువాని ప్రక్కన దానిని చేర్చరాదు. అవేక్ విశేషణముగా గూడ నుండును. "బాగుగా మేల్కొనియున్నాడు" అనుటకు వెరీ అవేక్ అనక వైడ్ అవేక్ అనవలెను. అవేకెన్ అను దానిని నిద్ర విషయమునకంటె మనస్సు విషయముననే యెక్కువగా వాడుదురు. 1730, 1740 దశాబ్దములలో అమెరికా వలసరాజ్యములయందు గలిగిన మతోజ్జీవనమునకు చరిత్రకారులు గ్రేట్ అవేకెనింగ్ అని పేరిడిరి.

వోక్ అను భూతకాల రూపమును నీగ్రో జాతి అమెరికనులు చిరకాలముగా విశేషణముగా వాడుచు, అన్యాయము విషయమై కన్ను మూయక జాగ్రత్తగా నుండువాడను నర్థము దానికి గల్పించిరి. 2017వ సంవత్సరమున ఆక్స్‌ఫర్డు ఇంగ్లీషు నిఘంటువు ఆ యర్థమును జేర్చుకొనెను. ఇప్పుడు కొందరు దానిని మెప్పుగాను, మరికొందరు ఎగతాళిగాను వాడుచున్నారు. ఒక మాటకు పలుకువాని నోటినిబట్టి విలువ మారుట మనము మరల జూడబోవుదుము.

ఇక రౌజ్. ఈ మాట పడకగదిలో బుట్టినది కాదు, వేటలో బుట్టినది. 15వ శతాబ్దమున ఇంగ్లండు దేశపు డేగవేటగాండ్ర భాషలో, డేగ తన యీకలన్నిటిని నిక్కబొడుచుకొని ఒక్కమారు దులుపుకొనుటకు రౌజ్ అని పేరు. డేగలను బెంచువారు నేటికిని ఈ మాటను ఆ యర్థముననే వాడుదురు. పొదలో దాగిన మృగమును కేకలచేతను, కుక్కలచేతను వెలికి దోలుటకును ఆ పేరే చెల్లెను. పొదలోని లేడి నిద్రించుచుండవచ్చును, మేల్కొనియైన నుండవచ్చును. వేటగానికి ఆ భేదముతో పనిలేదు. అది లేచి వెలికి వచ్చుటయే వానికి గావలసినది. 16వ శతాబ్దపు చివరి భాగమున ఈ మాట వేటను దాటి మనుష్యులకును, మనోభావములకును ప్రాకెను. అప్పుడే రైజ్ ప్రక్కన అరైజ్ ఉన్నట్లు, వేక్ ప్రక్కన అవేక్ ఉన్నట్లు, రౌజ్ ప్రక్కన అరౌజ్ ఏర్పడెను.

కాబట్టి భేదమును ఇట్లు జ్ఞాపకముంచుకొనవచ్చును: వేక్ కన్నులకు సంబంధించినది, రౌజ్ కాళ్లకు సంబంధించినది. వేక్ నిద్రను మాన్పును; రౌజ్ కదలక యున్నవానిని లేచి పనికి పూనుకొనునట్లు చేయును. స్టర్ వీనికి రెంటికిని ముందటి మెట్టు. ఆకు కదలుట స్టర్. గరిటెతో పాలు త్రిప్పుట స్టర్. నిద్రించు శిశువు ప్రక్కకు ఒత్తిగిలుట స్టర్. శిశువు కదలెనేగాని మేల్కొనలేదు. కదలుట, కన్ను దెరచుట, లేచి పూనుకొనుట అను మూడు మెట్లకు స్టర్, వేక్, రౌజ్ అను మూడు క్రియలు వరుసగా సరిపోవును.

దీనికి బైబిలునందు చక్కని యుదాహరణము గలదు. ఆదికాండము 49వ అధ్యాయమున యాకోబు తన కుమారుడైన యూదాను పండుకొనిన సింహముతో బోల్చెను. సంఖ్యాకాండము 24వ అధ్యాయమున బిలాము ఇశ్రాయేలు జనమును అట్లే పోల్చెను. దానిని లేపగలవాడెవడను ప్రశ్న రెండు చోట్లను వచ్చును. మూలమగు హెబ్రీలో రెండు చోట్లను క్రియ యొక్కటే. లేచుట యను నర్థముగల "కూమ్" ధాతువునుండి పుట్టిన ప్రేరణరూపమది. మన భాషలో లేచు నుండి లేపు వచ్చినట్లే అదియు వచ్చినది. అయినను 1611వ సంవత్సరపు ఇంగ్లీషు భాషాంతరకర్తలు మొదటిచోట రౌజ్ అనియు, రెండవచోట స్టర్ అనియు వ్రాసిరి. ఒక మూలపదమునకు ఎల్లచోట్లను ఒకే ఇంగ్లీషు పదమును వాడవలెనను నియమమును తాము పెట్టుకొనలేదని వారు తమ పీఠికలో చెప్పియున్నారు. ఈ రెండు చోట్లను వారు వేక్ అనలేదు. ఏలయనగా పండుకొనిన సింహము నిద్రించుచున్నదను నిశ్చయము లేదు. అది లేచి నిలుచునట్లు చేయు ధైర్యము ఎవనికి గలదనునదే ప్రశ్న. ఆ "కూమ్" ధాతువు హెబ్రీకి సోదరభాషయగు అరామిక్కునందును గలదు. మార్కు సువార్త 5వ అధ్యాయమున యేసుక్రీస్తు యాయీరు కుమార్తెతో పలికిన మాట దానినుండి పుట్టినదే. ఆ బాలిక కన్నులు దెరచుటతో నిలువక, లేచి నడచెను.

ఇప్పుడు వ్యాకరణమును జూతము. రౌజ్ సామాన్యముగా సకర్మకక్రియ. దాని వెనుక కర్మ యుండవలెను. "నేను అయిదు గంటలకు మేల్కొంటిని" అనుటకు "ఐ వోక్ ఎట్ ఫైవ్" అనవలెనుగాని "ఐ రౌజ్డ్ ఎట్ ఫైవ్" అనరాదు. తన్ను తానే పూనుకొనజేయు పక్షమున "రౌజ్ యువర్‌సెల్ఫ్" అనునట్లు ఆత్మార్థక సర్వనామమును కర్మగా జేర్చవలెను. కర్మ తరువాత ఫ్రమ్ వచ్చినచో దేనినుండి లేపబడెనో తెలియును: నిద్రనుండియో, సోమరితనమునుండియో, దుఃఖమునుండియో. టు వచ్చినచో దేనికి పురికొల్పబడెనో తెలియును: పనికో, కోపమునకో, యుద్ధమునకో. అగెయిన్‌స్ట్ వచ్చినచో ఎవరిపైకి పురికొల్పబడెనో తెలియును. ఉచ్చారణమున దీని చివరి ధ్వని రైజ్ చివరనున్న ధ్వనియే. రోజ్ అను మాట రైజ్ యొక్క భూతకాలము. రౌజ్ వేఱు, రోజ్ వేఱు అని మరువరాదు.

అరౌజ్ అను దానికి మనుష్యునికంటె మనోభావమే తగిన కర్మ. అనుమానము, ఆసక్తి, జాలి, కుతూహలము, కోపము అనునవి అరౌజ్ చేయబడును. రాత్రి చప్పుడైనది; అది కుక్కను రౌజ్ చేసెను, ఇంటివారికి అనుమానమును అరౌజ్ చేసెను. ఇట్టిచోట తెలుగున "అనుమానమును లేపెను" అనుట సొంపుగా నుండదు. కలిగించెననియో, రేకెత్తించెననియో అనవలెను. కోపము మొదలగు తీవ్రభావములకు రౌజ్ కూడ చెల్లును. అరౌజ్ నకు మనుష్యుని కర్మగా జేసినచో నేటి ఇంగ్లీషున అనుచితమైన యర్థము స్ఫురించుట కలదు గావున విద్యార్థులు ఆ ప్రయోగమును మానుట మేలు.

ఆసుపత్రియందు ఈ భేదము మార్కులతో గాక ప్రాణముతో గూడినదగును. తలకు దెబ్బ తగిలిన రోగి మంచముపై కన్నులు మూసికొనియున్నాడు. రాత్రివేళ నర్సు అతనిని పేరుపెట్టి పిలిచి, భుజమును దట్టి చూచును. కన్నులు దెరచి బదులు పలికినచో అతడు రౌజబుల్ అని వ్రాయును. అది సామాన్యమైన నిద్ర కావచ్చును. ఎంత పిలిచినను, తట్టినను చలనము లేనిచో అన్‌రౌజబుల్ అని వ్రాసి, ఆ క్షణముననే వైద్యునికి కబురంపవలెను. "నిద్రపోవుచున్నాడు" అని మాత్రము వ్రాసిపెట్టినచో తెల్లవారువరకు ఎవరును చూడకపోవచ్చును. మన తెలుగున "తెలివి వచ్చుట" అను చక్కని పలుకుబడి యున్నది. "లేపినను తెలివి రాలేదు" అను మాట అన్‌రౌజబుల్ అను దానికి సరియైన తెలుగు. వైద్యశాస్త్రజ్ఞులు మెదడు మెలకువగా నుండు స్థితిని అరౌజల్ అందురు. మెదడు కాండములోని యొక భాగమే ఈ మెలకువను నిలుపునని 1949వ సంవత్సరమున మొరూజీ, మాగూన్ అను శాస్త్రజ్ఞులు పిల్లులపై జేసిన పరీక్షలవలన జూపిరి.

ఇంతవరకు జెప్పినది సులభమైన భాగము. కఠినమైనది యొకటి మిగిలియున్నది. రౌజ్ అను క్రియ మంచికిని చెడుకును సమముగా చెల్లును. రౌజింగ్ వెల్‌కమ్ అనగా ఉత్సాహముతో గూడిన స్వాగతము. రాబుల్‌రౌజర్ అనగా మూకలను అల్లరికి పురికొల్పువాడు. రెంటిలోను క్రియ యొక్కటే. స్టర్ అప్ అనునదియు ఇట్టిదే. 1611వ సంవత్సరపు ఇంగ్లీషు బైబిలున, అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయమున పౌలుపై జనులను పురికొల్పినవారును జనులను స్టర్ అప్ చేసిరి. తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో తిమోతియు తనకు గలిగిన దేవుని వరమును స్టర్ అప్ చేయవలసియున్నది. మూలమగు గ్రీకులో ఆ రెండు చోట్ల క్రియలు వేఱు. తిమోతికి వ్రాసినచోట నున్న గ్రీకు క్రియకు నివురుగప్పిన నిప్పును మరల రాజబెట్టుట యని యర్థము. మన తెలుగు బైబిలు మొదటిచోట కలవరపరచు అనియు, రెండవచోట ప్రజ్వలింపజేయు అనియు వేఱువేఱు మాటలను వాడి ఆ భేదమును కాపాడినది. పేతురు రెండవ పత్రికలో విశ్వాసుల మనస్సులను హెచ్చరించు సందర్భమున రేపు అను క్రియను వాడినది.

దీనినిబట్టి మన భాష యెంత సంపన్నమో గ్రహింపవలెను. మేలుకొలుపు అనుటలో ప్రీతియు, శుభమును గలవు. ప్రాతఃకాలమున దేవునికై పాడు పాటకు గూడ మేలుకొలుపు అని పేరు. లేపు అనునది శరీరమునకు సంబంధించినది. కదలించు అనునది హృదయమును దాకును. రేపు అనునది నిప్పునకు, దుమ్మునకు, పుండునకు, కలహమునకు దగినది. ఉద్బోధించు అనునది గురువు పని. పురికొల్పు అనునది మంచికిని చెడుకును చెల్లును. ఉసికొల్పు అనునది కుక్కను మీదికి తోలుట. రెచ్చగొట్టు అనునది కేవలము నింద. ఇంగ్లీషున ఒక్క రౌజ్ తో సరిపెట్టుకొన్నచోట తెలుగు వ్రాయువాడు వీనిలో నొకదానిని ఏరుకొనక తప్పదు. ఏరుకొనుటయే తీర్పు చెప్పుట.

ఆంధ్రదేశ చరిత్రనుండి యొక యుదాహరణము చూడుడు. 1921వ సంవత్సరమున చీరాల పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున, పురపాలక సంఘపు పన్నులభారము నొప్పుకొనక, తమ యిండ్లు విడిచి ఊరివెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని ఇంచుమించు పదునొకండు నెలలు నివసించిరి. వ్యాసారంభమున జూచిన "హి రౌజ్డ్ ది పీపుల్" అను వాక్యము ఆయన విషయమున వ్రాయబడినదనుకొనుడు. దీనిని ఆనాటి ప్రభుత్వోద్యోగి తెనిగించినచో "ప్రజలను రెచ్చగొట్టెను" అనును. రామనగరపు పాకలో నివసించినవాడు తెనిగించినచో "ప్రజలను మేలుకొలిపెను" అనును. ఇంగ్లీషు వాక్యము ఇరువురికిని ఒప్పును; తెలుగు వాక్యములు రెండును ఒకదానితో నొకటి పోరాడును. భాషాంతరము చేయువాడు తనకు తెలియకయే ఒక పక్షమున సాక్ష్యము చెప్పిన వాడగును. కావున తెలిసి చెప్పుట మంచిది.

తెలిసికొనుటకు మూడు ప్రశ్నలు చాలును. ఎవరిని లేపెను? దేనినుండి లేపెను? దేనికి లేపెను? మొదటి ప్రశ్నకు ఉత్తరము క్రియ ప్రక్కనే దొరకును. రెండవదానికి ఫ్రమ్, మూడవదానికి టు, అగెయిన్‌స్ట్ అను మాటలు దారి చూపును. ఆ మాటలు వాక్యమున లేనిచో ముందు వెనుకల వాక్యములను చదువవలెను. భయమునుండి ధైర్యమునకు లేపినచో మేలుకొలిపెననుడు. శాంతమునుండి కలహమునకు లేపినచో రెచ్చగొట్టెననుడు. నిద్రపోవువానిని లేపవచ్చునుగాని నిద్ర నటించువానిని లేపలేమని మన పెద్దలు చెప్పుదురు. ఆ సామెతను ఇంగ్లీషున జెప్పవలసివచ్చినచో మొదటి లేపుటకు వేక్ చాలును. రెండవ లేపుటకు రౌజ్ కావలెను. నటించువాని కన్నులలో నిద్ర లేదు. వాని మనస్సే లేచుట కొల్లకున్నది.

విద్యార్థులు ఈ క్రింది వాక్యములను ఇంగ్లీషులోనికి మార్చి తమ ఉపాధ్యాయులకు జూపుదురుగాక.

1. చప్పుడునకు పాప కదలెనుగాని మేల్కొనలేదు.
2. నేను తెల్లవారుజామున నాలుగు గంటలకు మేల్కొంటిని.
3. వాని తడబాటు మాకు అనుమానమును గలిగించెను.
4. పరీక్షలు సమీపించినవి, సోమరితనము విడిచి పూనుకొనుము.
5. నర్సు ఎంత పిలిచినను రోగికి తెలివి రాలేదు.
6. అతడు కూలివారిని యజమానిపైకి పురికొల్పెను.

మొదటి వాక్యమునకు స్టర్, వేక్ అను రెండును గావలెను. రెండవదానికి వేక్ యొక్క భూతకాలము, మూడవదానికి అరౌజ్ తగును. నాలుగవదానికి ఆత్మార్థక సర్వనామముతో గూడిన రౌజ్ ను, అయిదవదానికి కర్మణి ప్రయోగమున రౌజ్ ను వాడవలెను. ఆరవదానికి రౌజ్ వెనుక అగెయిన్‌స్ట్ రావలెను. ఆరవ వాక్యమును ఇంగ్లీషున వ్రాసిన పిమ్మట మరల తెలుగులోనికి రెండు విధములుగా మార్చి చూడుడు: యజమాని చెప్పినట్లు ఒకమారు, కూలివారు చెప్పినట్లు మరియొకమారు.